స్థలం విలువ లెక్కగట్టే చదువు

పిల్లవాడు బాగా చదివితే మనం ఇంజనీరింగ్ అంటాం, మెడిసిన్ అంటాం, లేదంటే సి.ఏ. అంటాం. అయితే ఒక స్థలంలో ఏది కట్టాలి, ఎంతలో కట్టాలి, కట్టాక ఎవరికి ఎంత మిగులుతుంది అన్నది కూడా విశ్వవిద్యాలయాల్లో బోధించే ఒక శాస్త్రమే. కేంబ్రిడ్జిలో దీనికి ల్యాండ్ ఎకానమీ అనే శాఖే ఉంది. రెడింగ్ విశ్వవిద్యాలయంలో రియల్ ఎస్టేట్ కోర్సులున్నాయి. మన దగ్గర విజయవాడలోని స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్, హైదరాబాదులోని జె.ఎన్.ఎ.ఎఫ్.ఎ.యు. వంటివి ఈ దారికి దగ్గరి చదువులు చెబుతున్నాయి.

ఇందులో మొదటి పాఠం మన నమ్మకానికి ఎదురు వెళుతుంది. స్థలం ఖరీదు వల్లే ఇళ్ళ ధర పెరుగుతుందని అనుకుంటాం. 1817లో డేవిడ్ రికార్డో కౌలు గురించి చెప్పింది వేరు: కౌలు ఎక్కువై ధాన్యం ధర పెరగదు, ధాన్యం ధర పెరిగితే కౌలు పెరుగుతుంది. స్థలమూ అంతే. దానిపై కట్టినది ఎంతకు పోతుందో దాన్నిబట్టే స్థలం విలువ.

ఒక ఊహా లెక్క చూద్దాం. పూర్తయిన ఫ్లాట్లన్నీ అమ్మితే 10 కోట్లు. నిర్మాణానికి 5 కోట్లు, ప్లాను, అనుమతుల ఫీజులకు 40 లక్షలు, వడ్డీకి 60 లక్షలు, అమ్మకపు ఖర్చులకు 20 లక్షలు, అమ్మకంలో నూటికి 18 చొప్పున బిల్డరు లాభం 1.80 కోట్లు. మొత్తం 8 కోట్లు. మిగిలిన 2 కోట్లే స్థలం విలువ. దీన్ని రెసిడ్యువల్ పద్ధతి అంటారు. మనం వడ్డీకి దూరంగా ఉన్నా, బిల్డరు లెక్కలో ఆ వరుస తప్పక ఉంటుంది.

ఇప్పుడు ఫ్లాట్ల ధర పదో వంతు తగ్గి 9 కోట్లే వచ్చాయనుకోండి. ఖర్చులు మారవు. లాభం 1.62 కోట్లు. స్థలానికి మిగిలేది 1.18 కోట్లు. అంటే ధర నూటికి 10 తగ్గితే స్థలం విలువ నూటికి 41 పోయింది! పని ఆలస్యమైనా ఇంతే. ఏటా నూటికి 12 చొప్పున లెక్కిస్తే, అయిదేళ్ళ తర్వాత చేతికొచ్చే 100 రూపాయలు ఈనాటి 57 రూపాయలతో సమానం.

లెక్కతోపాటు పని వరుస కూడా నేర్పుతారు: హక్కు పత్రాల పరిశీలన, ప్లాను అనుమతి, పెట్టుబడి, నిర్మాణం, అమ్మకం లేదా అద్దె, ఆ తర్వాత నిర్వహణ. 2016 నాటి రెరా చట్టం ప్రకారం కొనుగోలుదారుల సొమ్ములో నూటికి 70 ప్రత్యేక ఖాతాలో ఉంచి, ఆ ప్రాజెక్టు స్థలానికి, నిర్మాణానికి మాత్రమే వాడాలి. ఇలాంటి నియమం ఎందుకు పుట్టిందో కూడా ఈ చదువులో భాగమే.

ఇది మనకెందుకు? పెద్దలు అల్లాహ్ మార్గంలో ఇచ్చిన స్థలాలు మన ఊళ్ళలో ఎన్నో ఉన్నాయి. 1995 నాటి వక్ఫ్ చట్టానికి 2013లో వచ్చిన సవరణ వక్ఫ్ ఆస్తి అమ్మకాన్ని, దానాన్ని, తాకట్టును నిషేధించింది. నిబంధనల ప్రకారం లీజుకు ఇవ్వవచ్చు. కాబట్టి దాని ఫలితమంతా అద్దె లెక్కలోనే ఉంది. నెలకు ఎంత, ఎన్నేళ్ళకొకసారి పెంపు, గడువు తీరాక భవనం ఎవరిది? ఈ మూడు ప్రశ్నలకు జవాబు తెలియని కమిటీ, ఎదుటివాడు రాసుకొచ్చిన అంకె మీద సంతకం పెడుతుంది. నష్టం కమిటీది కాదు, ఆ అద్దెతో ఫీజు కట్టవలసిన అనాథ బిడ్డది, పింఛను అందవలసిన వితంతువుది.

దాతలారా! స్థలం ఇవ్వడం ఒక పుణ్యం. ఆ అమానతును లెక్క తప్పకుండా కాపాడగలిగిన బిడ్డను చదివించడమూ పుణ్యమే. సివిల్ ఇంజనీరింగ్, కామర్స్, లా చదివిన మన పిల్లల్లో ఏటా ఒక్కరినైనా ఈ వైపు పంపగలిగితే, రేపు మన కమిటీ బల్ల దగ్గర బిల్డరుకు ఎదురుగా లెక్క తెలిసిన మనిషి కూర్చుంటాడు.