నిరోధ్ వాడినా నిద్ర పట్టని వాళ్లకు

ప్రశ్న: బెంగళూరులో సెంట్రింగ్ పని చేస్తాను. అక్కడ డబ్బిచ్చి ఒకామె దగ్గరికి పోయినాను. నిరోధ్ వాడినాను, చినగలేదు. మూడో రోజు ప్రైవేటు ల్యాబులో హెచ్ఐవీ టెస్టు చేయించినా, నెగెటివ్. పదో రోజు మళ్లా చేయించినా, అదే. అయినా గొంతు నొప్పి, నీరసం. ఇంట్లో తెలిస్తే పరువు పోతుంది. ఏం చేయాల సార్?
- ఓ పాఠకుడు, ధర్మవరం

జవాబు: ఇలాంటి ఉత్తరాల్లో ఊరి పేరు మారుతుంది గానీ గొంతు నొప్పి మారదు.

మూడో రోజు టెస్టుకు పోసిన డబ్బు దండగ. ఒంట్లో చేరిన వెంటనే హెచ్ఐవీ పరీక్షకు చిక్కదు. యాంటిజెన్, యాంటీబాడీ రెండూ చూసే ల్యాబు పరీక్షకు 45 రోజులు, వేలి నెత్తుటి చుక్కతో చేసే పరీక్షకు 90 రోజులు ఆగాలి. ఈ పాఠకుడి చేతిలోని కాగితాలు చెప్పేది ఆ రాత్రికి ముందు సంగతే. హెచ్ఐవీ తెచ్చే జ్వరం, గొంతు నొప్పి వస్తే గిస్తే మామూలుగా రెండు నుంచి నాలుగు వారాలకు వస్తాయి. వాటిని చూసి జబ్బు ఉందనో లేదనో ఏ డాక్టరూ తేల్చడు.

చినగని, జారని నిరోధ్‌ను వైరస్ దాటదు. నిరోధ్ లేకున్నా సరే, మందులు వాడని హెచ్ఐవీ ఉన్న స్త్రీతో ఒక్కసారి కలిస్తే మగవాడికి సోకే అవకాశం అమెరికా సీడీసీ అంచనాలో పది వేలకు 4. ఇది భయం తగ్గడానికి చెప్పిన లెక్కే, లైసెన్సు ఇచ్చినట్టు కాదు. సిఫిలిస్, హెర్పిస్ తొడుగు కప్పని చర్మం నుంచి కూడా అంటుతాయి. పుండు కనబడితే ప్రభుత్వాసుపత్రిలో సురక్ష క్లినిక్ ఉంది. మూడు నెలలు నిండాక ప్రభుత్వ హెచ్ఐవీ పరీక్షా కేంద్రం ఐసీటీసీలో ఒక్క పరీక్ష, అదీ ఉచితం. నెగెటివ్ వస్తే ఇక ల్యాబుల చుట్టూ తిరగడం మానేయాలి.

అయినా ఈ ఉత్తరంలో పరువు గురించి ఉంది, నీరసం గురించి ఉంది, ఇంట్లో ఉన్న భార్య ఆరోగ్యం గురించి మాత్రం ఒక్క ముక్క లేదు. వాన ముఖం చాటేసి చెనక్కాయ చేలోనే మాడిపోయిన ఏడు అనంతపురం పల్లెల మగవాళ్లు బెంగళూరు బండెక్కుతారు. ముసలాళ్లనూ పిల్లలనూ చూసుకుంటూ ఆడవాళ్లు ఊళ్లో ఉండిపోతారు. భర్తను తప్ప వేరే మగవాణ్ని ఎరుగని ఇల్లాళ్లకు హెచ్ఐవీ సోకుతున్నదని పుణె వైద్యులు 1997లోనే జామా అనే వైద్య పత్రికలో రాశారు. 1969లో విన్సెంట్ ఫెర్రర్ అనంతపురం జిల్లాకు వచ్చి మొదలుపెట్టిన ఆర్డీటీ సంస్థ, బత్తలపల్లిలో అంటువ్యాధులకు ప్రత్యేకంగా ఆసుపత్రి పెట్టింది ఊరికే కాదు. మూడు నెలల పరీక్షకు భార్యాభర్తలిద్దరూ కలిసి పోవడం మేలు. చెప్పడానికి నోరు రాకపోతే, అప్పటిదాకా ఇంట్లోనూ నిరోధ్ వాడాల్సిందే. పెళ్లాం ఎందుకని అడుగుతుంది. అడగనీ.

ప్రశ్న: దోమ కుడితే, సెలూన్‌లో గడ్డం గీయించుకుంటే హెచ్ఐవీ వస్తుందా?
- గుంతకల్లు

జవాబు: దోమతో రాదు. బ్లేడు మాత్రం కొత్తది వేయించుకోవాలి.

ప్రశ్న: అనంతపురం పెద్దాసుపత్రిలో మావాళ్లు పనిచేస్తారు. అక్కడ టెస్టు చేయించుకుంటే ఊరంతా తెలిసిపోదా?
- కళ్యాణదుర్గం

జవాబు: 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉన్న హెచ్ఐవీ చట్టం ప్రకారం ఒప్పుకోలు లేకుండా పరీక్ష చేయకూడదు, ఫలితం బయటపెట్టకూడదు. అయినా బెరుకుంటే కదిరికో హిందూపురానికో పోవచ్చు, ఐసీటీసీలు ఒక్క అనంతపురంలోనే లేవు. ఏది దగ్గరో 1097కు ఫోన్ చేస్తే చెబుతారు, డబ్బు పడదు. పాజిటివ్ అని తేల్చే ముందు మూడు వేర్వేరు కిట్లతో చూస్తారు. 2004 నుంచి హెచ్ఐవీని అదుపులో పెట్టే ఏఆర్‌టీ మందులు కూడా ఉచితమే. అవి రోజూ మింగుతూ, నెత్తుట్లో వైరస్ పరీక్షకు దొరకనంత తగ్గి అలాగే ఉన్నవాళ్ల నుంచి కలయిక వల్ల ఇంకొకరికి సోకదు.

ప్రశ్న: నిన్న రాత్రి నిరోధ్ చినిగింది. వెంటనే జవాబివ్వండి.
- పేరు, ఊరు లేవు

జవాబు: ఈ జవాబు అచ్చయ్యేసరికి ఆయన గడువు దాటిపోయి ఉంటుంది. ఇది తర్వాతి వాళ్ల కోసం. చినిగితే పత్రికకు ఉత్తరం రాయకూడదు. సోకకుండా ఆపే పెప్ మందులు 72 గంటల లోపు మొదలుపెట్టాలి, ఎంత త్వరగా వేసుకుంటే అంత మంచిది. 28 రోజులు మానకుండా మింగాలి. పగలైతే ప్రభుత్వ సర్వజనాసుపత్రి ఏఆర్‌టీ కేంద్రంలో అడగాలి, రాత్రయితే తెల్లారేదాకా ఆగకుండా క్యాజువాలిటీకి పోవాలి.