సీతమ్మ పిల్లికి ఏమైంది?

సీతమ్మకు ఒక పిల్లి ఉంది. దాని పేరు చిట్టి. గాదెలో ధాన్యం ఎలుకల పాలు కాకుండా అదే కాస్తుంది.

ఒకరోజు పొద్దున చిట్టి పాలు తాగలేదు. పొయ్యి పక్కన ముడుచుకొని పడుకుంది. సీతమ్మ దగ్గరకు వెళ్లి చూసింది. ఒక పక్క బుగ్గ ఉబ్బి ఉంది. కన్ను మూసుకుపోయింది. ఒళ్లు కాలిపోతోంది.

"అయ్యో! రాత్రి బాగానే ఉంది కదా!" అని సీతమ్మ గాబరా పడింది.

పక్కింటి రాములమ్మ వచ్చింది. "జ్వరం బిళ్ల సగం వెయ్యి వదినా. మనకు తగ్గేది దానికి తగ్గదా?" అంది. బిళ్ల తెచ్చి ఇచ్చింది.

ఇద్దరూ కలిసి చిట్టి నోరు తెరవబోయారు. నొప్పికి చిట్టి సీతమ్మ చేతిని రక్కింది. రక్తం వచ్చింది. బిళ్ల కింద పడిపోయింది.

"ఇది మన వల్ల కాదు" అంది సీతమ్మ. చేతికి కాస్త పసుపు అద్దుకుంది. చిట్టిని గంపలో పెట్టి, పైన పలుచని పాత చీర కట్టింది. ఇద్దరూ పశువుల ఆసుపత్రికి వెళ్లారు.

డాక్టరు బుగ్గ మీద బొచ్చు తీసి చూశాడు. "మరో పిల్లి కరిచింది. ఇవిగో పంటి గాట్లు. పైన గాయం మూసుకుంది. లోపల చీము పట్టింది" అన్నాడు. చీము తీసి కడిగాడు. సూదిమందు వేశాడు.

"ఇంట్లో ఏమైనా మందు వేశారా అమ్మా?"

"జ్వరం బిళ్ల వేయబోయాం. మింగలేదు."

"మింగకపోవడమే మంచిదైంది. అందులో పారాసిటమాల్ ఉంటుంది. అది పిల్లికి విషం. మన కాలేయం ఆ మందును అరిగిస్తుంది. పిల్లి కాలేయం అరిగించలేదు. దాని రక్తం చెడిపోతుంది. ఊపిరి అందదు. మొహం, పాదాలు వాస్తాయి. సగం బిళ్లకే ప్రాణం పోవచ్చు."

రాములమ్మ తల దించుకుంది. "నిరుడు మా పిల్లికి నేనే వేశాను. మర్నాడు మొహం వాచి చచ్చిపోయింది. దిష్టి తగిలిందనుకున్నాను" అంది.

"తెలియక చేశావమ్మా. ఇప్పుడు నలుగురికీ చెప్పు" అన్నాడు డాక్టరు. తరువాత సీతమ్మ చెయ్యి చూశాడు.

"పసుపు పెడితే చాలదు. కుళాయి కింద సబ్బుతో 15 నిమిషాలు కడుగు. ఈరోజే మీ ఆసుపత్రికి వెళ్లి చూపించు. పిచ్చికుక్క జబ్బు పిల్లి వల్ల కూడా వస్తుంది. వెంటనే టీకాలు వేయించుకుంటే రాకుండా ఆపవచ్చు. జబ్బు బయటపడ్డాక నయం కావడం ఉండదు."

సీతమ్మ అలాగే చేసింది. కొన్నాళ్లకు చిట్టి మళ్లీ గాదె ఎక్కింది.

గుర్తుంచుకుందాం

పిల్లి మొహం ఎందుకు వాస్తుంది?
- మరో పిల్లి కరిచి చీము పడితే
- తేనెటీగ, కందిరీగ, తేలు కుడితే
- పాము కాటేస్తే
- పంటి కింద చీము పడితే
- మన మందు వేస్తే

వెంటనే డాక్టరు దగ్గరకు ఎప్పుడు తీసుకుపోవాలి?
- నోరు తెరిచి ఊపిరి తీస్తుంటే
- చిగుళ్లు తెల్లగా, నీలంగా లేదా గోధుమ రంగుగా మారితే
- తూలి పడిపోతుంటే

చేయకూడనివి
- వాపును పిసకకూడదు.
- సున్నం, కారం పూయకూడదు.
- మనుషుల బిళ్లలు వేయకూడదు.

చెప్పండి

1. చిట్టి బుగ్గ ఎందుకు వాచింది?
2. రాములమ్మ పిల్లి ఎందుకు చచ్చిపోయింది?
3. పిల్లి రక్కితే ముందు ఏం చేయాలి?