బ్రౌజరు ఎందుకు కూలింది?

దరఖాస్తు నింపడం దాదాపు పూర్తయింది. పేరు, పుట్టిన తేదీ, హాల్‌టికెట్ నెంబరు, మార్కులు, చిరునామా అన్నీ ఎక్కించడం అయింది. ఛాయాచిత్రం జతచేసి చివరి మీట నొక్కడమే తరువాయి. సరిగ్గా ఆ క్షణాన తెర మీది కిటికీ చెప్పాపెట్టకుండా మాయమైంది. అరగంట శ్రమ బూడిదలో పోసిన పన్నీరైంది. గడువేమో ఆనాటి సాయంత్రంతో ముగుస్తుంది.

ఇంట్లో ఉన్న ఒకే ఒక్క కంప్యూటరును నలుగురూ వాడుకొనే కుటుంబాలలో 2009 ప్రాంతంలో ఇటువంటి అనుభవం అరుదైనది కాదు. అప్పుడు సలహాలకు కొదవ ఉండదు. అన్నగారు వైరస్ అంటాడు. స్నేహితుడు ఆ వెబ్‌సైటే మంచిది కాదంటాడు. మరమ్మతు చేసే కుర్రవాడు బ్రౌజరును తొలగించి మళ్ళీ ఎక్కించమంటాడు. విద్యార్థి ఆ మూడవ సలహాను పాటిస్తాడు. కొత్తగా ఎక్కించిన బ్రౌజరులో మళ్ళీ దరఖాస్తు తెరుస్తాడు. అదే పుటలో, అదే చోట, అది మళ్ళీ కూలిపోతుంది. అత్త మీది కోపం దుత్త మీద చూపినట్లు, నేరం ఒకరిదైతే శిక్ష మరొకరికి పడింది. ఎన్నో సందర్భాలలో అసలు దోషి వైరస్ కాదు, వెబ్‌సైటు కాదు, బ్రౌజరు కూడా కాదు. ఎవరో ఎప్పుడో ముచ్చటపడి చేర్చి, ఆ తరువాత మరచిపోయిన ఒక చిన్న పొడిగింత.

పొడిగింత అంటే ఏమిటి?

ఇంటర్నెట్‌లోని పుటలను తెచ్చి తెరపై చూపే సాధనం బ్రౌజరు. తెలుగులో దీనికి విహారిణి అనే పేరు కూడా ఉంది. దీని నిర్మాతలు అందరికీ అవసరమైన సౌకర్యాలను మాత్రమే ఇందులో పొందుపరుస్తారు. కొందరికే పనికివచ్చే సౌకర్యాలను విడిగా రాసి, కావలసినవారు చేర్చుకొనే వీలు కల్పిస్తారు. అలా చేర్చుకొనే చిన్న ప్రోగ్రాములను ఎక్స్‌టెన్షన్లు లేదా పొడిగింతలు అంటారు. యాడ్-ఆన్ అనే మాట కూడా వాడుకలో ఉంది. మైక్రోసాఫ్ట్ వారి ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ నాలుగవ రూపం 1997లో ఇటువంటి సహాయక ప్రోగ్రాములకు తలుపు తెరిచింది. 2004 నవంబరు 9న వెలువడిన మొజిల్లా ఫైర్‌ఫాక్స్ 1.0 వాటిని సామాన్యుని దగ్గరకు చేర్చింది.

తెలుగు చదువరులకు ఈ పొడిగింతల విలువను చాటినది ‘పద్మ’. ఆ రోజుల్లో ‘ఈనాడు’ వంటి దినపత్రికలు తమ వెబ్‌సైట్లలో సొంత ఖతులను వాడేవి. ఆ ఖతి లేని కంప్యూటరులో వార్తకు బదులు అర్థంలేని గుర్తుల వరుస కనిపించేది. ఫైర్‌ఫాక్స్‌కు పద్మను జోడిస్తే, ఆ గుర్తులు అక్కడికక్కడే యూనికోడ్ తెలుగు అక్షరాలుగా మారేవి. చదవడమే కాదు, అందులో వెతకడానికి, నకలు తీసుకోవడానికి కూడా వీలయ్యేది. ఎంతో మేలు చేసిన ఈ ఉదాహరణలోనే గమనించదగ్గ విషయం మరొకటి ఉంది. ఒక పుటలోని గుర్తులను అక్షరాలుగా మార్చాలంటే ఆ ప్రోగ్రాము ఆ పుటలోకి ప్రవేశించాలి, ప్రతి అక్షరాన్నీ చదవాలి, దానిని తుడిచి మరొకటి రాయాలి. అంతటి చనువు ఇవ్వనిదే పొడిగింత వల్ల ప్రయోజనం లేదు. అంతటి చనువు పొందినవాడు పొరపాటు చేస్తే నష్టం కూడా చిన్నదిగా ఉండదు.

ఇంటి దొంగ

నాటి ఫైర్‌ఫాక్స్‌లో కిటికీలు, ట్యాబులు, పొడిగింతలు అన్నీ కలిసి ఒకే ప్రాసెస్‌గా నడిచేవి. కంప్యూటరును నడిపే ఆపరేటింగ్ సిస్టమ్ ప్రతి ప్రాసెస్‌కూ కొంత మెమరీని కేటాయిస్తుంది. ఏ ప్రాసెస్ అయినా తనకు చెందని మెమరీ చిరునామాను తాకితే దానిని వెంటనే ముగిస్తుంది. ఆ తప్పు చేసినది బ్రౌజరా, దానిలో తలదాచుకొన్న పొడిగింతా అనే విచారణ ఆపరేటింగ్ సిస్టమ్‌కు లేదు. దాని దృష్టిలో ఇల్లంతా ఒక్కటే. అందువల్ల ఒక గదిలో అంటుకొన్న నిప్పుకు ఇల్లు మొత్తం ఆహుతయ్యేది.

అయితే అన్ని పొడిగింతలనూ ఒకే గాటన కట్టడం న్యాయం కాదు. వాటిలో అధికభాగం జావాస్క్రిప్ట్ అనే భాషలో రాసినవి. అందులో దోషం ఉంటే సాధారణంగా ఆ పని ఆగిపోతుంది తప్ప బ్రౌజరు కూలదు. అసలు చిక్కంతా సి++ వంటి భాషలలో రాసి, యంత్రభాషలోకి మార్చిన భాగాలను వెంట తెచ్చుకొనే పొడిగింతలతో వచ్చేది. ఉచిత సాఫ్ట్‌వేరుతోపాటు పిలవని పేరంటానికి వచ్చినట్లు చేరే టూల్‌బార్లలో ఇటువంటివి ఎక్కువ. అవి బ్రౌజరు యొక్క ఒకానొక రూపానికి సరిపడేట్లు తయారైనవి. బ్రౌజరు కొత్త రూపానికి మారి, లోపలి అమరిక మారగానే, పాత కొలతలతో కుట్టిన చొక్కాలా అవి ఎక్కడో ఒకచోట పిగిలిపోయేవి. ప్రతి పొడిగింతా తాను ఏ రూపం వరకు పనిచేయగలదో ముందే ప్రకటించాలనే నియమం ఉండేది. ఆ తనిఖీని పనిగట్టుకొని తప్పించుకొన్న వినియోగదారులూ లేకపోలేదు!

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడని సామెత. కాని ఈ దొంగను పట్టడానికి ఒక క్రమం ఉంది.

దోషాన్వేషణ

మొదట చేయవలసినది పరిశీలన. బ్రౌజరు తెరవగానే కూలుతున్నదా, ఒకానొక పుటలోనా, మూసేటప్పుడా? దస్త్రం జతచేయబోయినప్పుడే కూలుతున్నదా? విద్యార్థి విషయంలో రెండుసార్లూ ఛాయాచిత్రం ఎంచుకోబోగానే ఆపద వచ్చింది. కోరినప్పుడు మళ్ళీ పుట్టించగలిగిన దోషం సగం పట్టుబడినట్లే. మూడు రోజులకొకసారి ఎప్పుడో కనిపించేది మాత్రం మొండిది. ఏదో ఒక పొడిగింతను నిలిపివేసిన తరువాత ఒక గంటసేపు బ్రౌజరు సజావుగా నడిచినంత మాత్రాన అటువంటిచోట ఏదీ రుజువు కాదు.

రెండవది సేఫ్ మోడ్. ఆనాడు స్టార్ట్ మెనూలో ఫైర్‌ఫాక్స్‌కు ఈ పేరుతో వేరే మీట ఉండేది. తరువాతి కాలంలో షిఫ్ట్ మీట నొక్కి ఉంచి బ్రౌజరు తెరిచే పద్ధతి వచ్చింది. 2021 నుంచి దీని పేరు ట్రబుల్‌షూట్ మోడ్. ఈ స్థితిలో పొడిగింతలన్నీ తాత్కాలికంగా నిద్రపోతాయి. ఏదీ తొలగిపోదు. ఇక్కడ దరఖాస్తు సవ్యంగా పూర్తయితే అనుమానం పొడిగింతల వైపు తిరుగుతుంది. ఇక్కడ కూడా కూలితే గ్రాఫిక్స్ డ్రైవరునో, బ్రౌజరులోకి తల దూర్చే యాంటీవైరస్‌నో, చెడిన మెమరీ పలకనో అనుమానించాలి. అయితే తొందరపాటు కూడదు. ఈ మోడ్ పొడిగింతలతోపాటు అలంకారపు థీమ్‌నూ, తరువాతి రూపాలలో హార్డ్‌వేర్ యాక్సిలరేషన్‌నూ కూడా పక్కన పెడుతుంది. కాబట్టి వాటిని కూడా విడివిడిగా ఆపి చూడనిదే తీర్పు చెప్పరాదు.

విద్యార్థికి ఇక్కడ ఊపిరి అందింది. సేఫ్ మోడ్‌లో దరఖాస్తు సజావుగా వెళ్ళింది. గడువు గండం గడిచింది గనుక ఇక నిదానంగా దోషిని వెతకవచ్చు.

యాడ్-ఆన్ల జాబితా తెరిస్తే పదహారు కనిపించాయి. అందులో సగానికి పైగా ఎవరు చేర్చారో ఇంట్లో ఎవరికీ గుర్తులేదు. ఒక్కొక్కదానిని ఆపి, బ్రౌజరును మళ్ళీ తెరిచి, దస్త్రం జతచేసి చూస్తూ పోతే దురదృష్టవశాత్తు పదిహేనుసార్లు పరీక్షించవలసి రావచ్చు. దానికంటే సులభమైన మార్గం గణితంలో ఉంది. సగం, అనగా ఎనిమిదింటిని ఆపాలి. బ్రౌజరు కూలకపోతే దోషి ఆగిన ఎనిమిదింటిలో ఉన్నట్లు, కూలితే నడుస్తున్న ఎనిమిదింటిలో ఉన్నట్లు. తరువాత ఆ ఎనిమిదింటిలో నాలుగు, నాలుగింటిలో రెండు, రెండింటిలో ఒకటి. నాలుగు పరీక్షలతో పదహారులో ఒకటి తేలిపోతుంది. ముప్ఫై రెండు ఉన్నా పరీక్షలు అయిదే.

ఈ పద్ధతి ఎంత ముచ్చటైనదైనా ఒక్కొక్కసారి మోసం చేస్తుంది. రెండు పొడిగింతలు విడివిడిగా సాధువులే కావచ్చు. ఒకే పుటను, ఒకే సంఘటనను రెండూ ఒకేసారి పట్టుకొన్నప్పుడు మాత్రమే తగవు పుట్టవచ్చు. ఒకటి ఈ సగంలోను, రెండవది ఆ సగంలోను పడితే ఏ సగాన్ని విడిగా పరీక్షించినా బ్రౌజరు చక్కగా నడుస్తుంది. అప్పుడు ఒక సగాన్ని పూర్తిగా నడుస్తూ ఉండనిచ్చి, రెండవ సగంలోనివాటిని ఒక్కొక్కటిగా కలుపుతూ పోవాలి. కూలినచోట ఒక దోషి దొరుకుతుంది. దానిని అలాగే ఉంచి మొదటి సగాన్ని జల్లెడపడితే దాని జోడీ దొరుకుతుంది. ఓపిక కావలసినది ఇక్కడే. ఒక కాగితం మీద ఏది ఆపినదీ, ఏది నడిచినదీ, ఫలితమేమిటో రాసుకోనివాడు ఆరవ పరీక్ష నాటికి దారి తప్పడం తథ్యం.

బ్రౌజరును తొలగించి మళ్ళీ ఎక్కించినా ఫలితం ఎందుకు కనిపించలేదు? గుర్తుంచుకొన్న చిరునామాలు, సంకేతపదాలు, పొడిగింతలు ‘ప్రొఫైల్’ అనే వేరే సంచయంలో ఉంటాయి. బ్రౌజరును తొలగించినా ఆ సంచయం చెక్కుచెదరక అక్కడే ఉంటుంది. కొత్త బ్రౌజరు రాగానే పాత కాపురాన్ని మళ్ళీ అప్పగిస్తుంది. కనుక పరీక్షించదలచినవారు కొత్త ప్రొఫైల్ ఒకటి సృష్టించుకోవాలి. పాతదానిని మాత్రం తొలగించకూడదు. ఏళ్ళ తరబడి కూడబెట్టిన సంకేతపదాలు అందులోనే ఉంటాయి.

కూలిన ప్రతిసారీ వినియోగదారు అనుమతిస్తే ఫైర్‌ఫాక్స్ ఒక నివేదికను మొజిల్లాకు పంపుతుంది. చిరునామా పట్టీలో ‘అబౌట్:క్రాషెస్’ అని కొడితే పంపిన నివేదికలు కనిపిస్తాయి. కూలిన క్షణాన ఏ పని జరుగుతున్నదో, ఏ పొడిగింతలు నడుస్తున్నాయో అందులో ఉంటుంది. చాలామంది విసుగుతో ఆ కిటికీని మూసేస్తారు. కాని వేలమంది పంపిన నివేదికలను పక్కపక్కన పెట్టినప్పుడే ఒక ఇంట్లో కనిపించని దొంగ బయటపడతాడు. 2011 జనవరిలో జరిగినది ఇదే. స్కైప్ టూల్‌బార్ ఫైర్‌ఫాక్స్ 3.6.13ను అత్యధికంగా కూలుస్తున్నవాటిలో ఒకటని నివేదికలు తేల్చాయి. పుటలలో ఫోను నెంబర్లను వెతికి గుర్తించే దాని పద్ధతి వల్ల పుటలను మార్చే పని 300 రెట్ల వరకు నెమ్మదించవచ్చని కూడా మొజిల్లా వెల్లడించి, ఆ టూల్‌బారును నిషేధ జాబితాలో చేర్చింది.

గోడలు లేచిన కాలం

దొంగను పట్టడం ఒక ఎత్తు. ఇంటికి గోడలు కట్టడం మరొక ఎత్తు. 2008 సెప్టెంబరులో వచ్చిన గూగుల్ క్రోమ్ ట్యాబులను వేర్వేరు ప్రాసెస్‌లుగా నడిపింది. ఒకటి కూలితే ఆ ట్యాబు చిన్నబోతుంది, మిగిలినవి నడుస్తాయి. ఫైర్‌ఫాక్స్ 2010లో 3.6.4 రూపంతో ఫ్లాష్ వంటి ప్లగిన్లను వేరే ప్రాసెస్‌లోకి నెట్టింది. 2016లో 48వ రూపంతో పుటలను ప్రధాన ప్రాసెస్ నుంచి వేరు చేయడం మొదలుపెట్టింది. పాత పొడిగింతలు మాత్రం ఈ గోడలకు అడ్డుపడ్డాయి. బ్రౌజరు లోపలి ప్రతి మూలకూ స్వేచ్ఛగా తిరగడానికి అలవాటుపడినవి అవి. 2017 నవంబరు 14న వచ్చిన 57వ రూపం ఆ పాత పద్ధతిని పూర్తిగా రద్దుచేసింది. అప్పటినుంచి పొడిగింత తనకు అనుమతించిన ద్వారాల గుండానే పనిచేయాలి. కూలడాలు తగ్గాయి. కాని ఏళ్ళ తరబడి కొందరు తమ తీరిక వేళల్లో రాసి ఉచితంగా పంచిన పొడిగింతలు ఎన్నో ఆ రోజుతో మూగబోయాయి. వాటిని కోల్పోయినవారి ఆవేదన అకారణమైనది కాదు.

కాపలాదారు వల్ల కూడా ఒకసారి ప్రమాదం జరిగింది. మొజిల్లా సంతకం లేని పొడిగింతలను ఫైర్‌ఫాక్స్ అంగీకరించదు. 2019 మే 4న ఆ సంతకానికి ఆధారమైన ధ్రువపత్రం గడువు తీరిపోయింది. దానిని సకాలంలో పునరుద్ధరించనందువల్ల ప్రపంచవ్యాప్తంగా వినియోగదారుల పొడిగింతలు ఒక్కసారిగా ఆగిపోయాయి. సవరించిన రూపం మరునాడు వెలువడింది. ఆ మధ్యకాలంలో తమ కంప్యూటరుదే తప్పనుకొని, పొడిగింతలను తొలగించి తిరిగి ఎక్కించబోయినవారు ఉన్నవాటిని కూడా పోగొట్టుకొన్నారు.

నేటి బ్రౌజర్లలో పొడిగింత వల్ల ఇల్లంతా కూలడం బాగా తగ్గింది. చెడ్డ పొడిగింత ఇప్పుడు వేరే రూపంలో బాధిస్తుంది. పుటలు నెమ్మదిస్తాయి, మెమరీ నిండిపోతుంది, ఏదో ఒక మీట పనిచేయదు. ఫైర్‌ఫాక్స్‌లో ‘అబౌట్:ప్రాసెసెస్’ అనే పుట, క్రోమ్‌లో టాస్క్ మేనేజర్ ఏది ఎంత మెమరీ తింటున్నదో చూపుతాయి. అనుమతి ఇవ్వనిదే పొడిగింతలు ప్రైవేట్ విండోలో పనిచేయవు గనుక, మొరాయించిన పుటను అక్కడ తెరిచి చూడటం తొలి పరీక్షగా పనికివస్తుంది. దోషి దొరికిన తరువాత దానిని రాసినవారికి తెలియజేయడం మిగిలి ఉంటుంది. ‘మీది పనిచేయడం లేదు’ అన్న ఒక్క వాక్యం వారికి ఏ విధంగానూ ఉపకరించదు. బ్రౌజరు రూపం, పొడిగింత రూపం, ఏ పుటలో ఏ మీట నొక్కినప్పుడు కూలినదో, దానిని ఆపినప్పుడు ఏమైనదో రాయాలి. పదహారింటిలో ఒకదానిని పట్టుకోవడానికి విద్యార్థి రాసుకొన్న ఆ కాగితంలో ఈ వివరాలన్నీ ముందే ఉన్నాయి.