బ్యూరెట్ ఎవరి చేతిలో ఉంది?

ఇంజినీరింగ్ కాలేజీలో కొత్తగా చేరిన మీకు ఫస్టియర్ అమ్మాయిల మెంటరింగ్‌తో పాటు ఊరి సేవా కార్యక్రమం కూడా అంటగట్టారనుకుందాం. బస్సు వేసుకెళ్లి, నాలుగు వీధులు ఊడ్చి, బ్యానర్ పట్టుకుని ఫోటో దిగి వస్తే ఫైలు నిండుతుంది. పిల్లలకు మిగిలేది కాళ్ల నొప్పులే. సేవ పాఠంతో ముడిపడాలి. అమెరికాలో పర్డ్యూ విశ్వవిద్యాలయం 1995లో మొదలుపెట్టిన ఎపిక్స్ కార్యక్రమంలో చేసింది అదే: స్థానిక సంస్థల అవసరాలు తీర్చే పనినే క్రెడిట్లు వచ్చే కోర్సుగా మార్చారు.

మన దగ్గర ఫస్టియర్ కెమిస్ట్రీ ల్యాబ్‌లో నీటి కఠినత్వం కొలిచే ఈడీటీఏ టైట్రేషన్ ఉండనే ఉంది. ల్యాబ్‌లో కలిపి పెట్టిన ద్రావణం బదులు బోరు నీళ్లు ఇవ్వండి. అవి టైట్రేషన్ చేసే అమ్మాయి సొంత ఊరివైతే మరీ మంచిది. ఎర్ర ద్రాక్ష రంగు నీలానికి తిరిగే చుక్క దగ్గర ఆమె చెయ్యి ఆగుతుంది. ఇంట్లో పప్పు ఎందుకు త్వరగా ఉడకదో, సబ్బు ఎందుకు నురగ కట్టదో అప్పుడు లెక్కలో కనబడుతుంది. మన తాగునీటి ప్రమాణంలో కఠినత్వానికి పరిమితి లీటరుకు 200 మిల్లీగ్రాములు. వేరే నీళ్లు దొరకని చోట 600 వరకు.

ఒక్క జాగ్రత్త. కఠినత్వం తక్కువని తేలగానే ఊళ్లో ‘ఈ నీళ్లు తాగొచ్చు’ అని చెప్పించకండి. ఫ్లోరైడ్ ఈ పరీక్షకు దొరకదు, మరిగించినా పోదు. ఆ బాధ నల్లగొండ జిల్లాకు తెలుసు. అనుమానముంటే శాంపిల్‌ను గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబుకు పంపండి.

అసలు చిక్కు అబ్బాయిలనూ అమ్మాయిలనూ కలిపి బృందాలు వేసేటప్పుడు వస్తుంది. బ్యూరెట్ అబ్బాయిల చేతికి పోతుంది. రిపోర్టు రాయడం, సర్పంచ్‌గారికి బొకే ఇవ్వడం అమ్మాయిల వంతు. దస్తూరీ బాగుండటమే ఆ పిల్లల పాలిట శాపం! ఎవరు ఏం చేయాలో మీరే కాగితం మీద రాసి, వారం వారం మార్చండి.

జల్ జీవన్ మిషన్‌లో ఊరికి ఐదుగురు మహిళలకు కిట్లతో నీటి పరీక్ష నేర్పించే ఏర్పాటు ఉంది. మీరు వెళ్లే ఊళ్లో అలాంటివాళ్లు ఉంటే ముందు వాళ్లను కలవండి. ఒక పూట వాళ్లే పాఠం చెప్పనివ్వండి.

ఊరికి తీసుకెళ్లే ముందు తల్లిదండ్రుల దగ్గర సంతకాలు తీసుకుంటే చాలదు, ఫోన్ చేసి మాట్లాడండి. చీకటి పడేలోగా హాస్టల్‌కు చేర్చండి. బాత్రూం ఎక్కడుందో ముందే చూసి రండి. లేదంటే అమ్మాయిలు పొద్దున్నుంచీ మంచినీళ్లు ముట్టరు, ఆ సంగతి మీకూ చెప్పరు.

ఫలితాలు తెలుగులో ఒక్క పేజీ రాసి పంచాయతీ గోడకు అంటించాలి. కొలిచిన అమ్మాయే దాన్ని చదివి వినిపించాలి.

ఈ ఆదివారం ఊరెళ్తున్న అమ్మాయి చేతికి ఖాళీ లీటరు సీసా ఇవ్వండి. బోరు కాసేపు వదిలి, ఆ నీళ్లతోనే సీసా మూడుసార్లు కడిగి, నింపుకురమ్మనండి.