పాత ఇంజన్‌కు కొత్త బోర్డు

ప్రశ్న: పర్లాకిమిడి చిన్న రైలులా పెరట్లో నడపాలని సెకండ్‌హ్యాండ్ ఎల్‌జీబీ మోడల్ రైలింజన్ కొన్నాను. ఒకసారి కదులుతుంది, మరోసారి మొరాయిస్తుంది. లోపలి బోర్డు మార్చొచ్చా?
– ఒక పాఠకుడు, బరంపురం

జవాబు: మార్చొచ్చు. ముందు చక్రాలు, కరెంటు అందుకునే షూలు, మోటారు బ్రష్‌లు శుభ్రం చేయండి. మీ దగ్గరి గోపాల్‌పూర్ తీరపు ఉప్పుగాలికి వాటికి చిలుము పడితే, బోర్డు బాగున్నా ఇంజన్ ఇలాగే ఆగుతుంది.

అప్పటికీ మారకపోతే బోర్డు విప్పి, మోటారుకు నేరుగా 12 వోల్టుల డీసీ ఇవ్వండి. సాఫీగా తిరిగితే మోటారు మంచిదే. మల్టీమీటర్‌ను 10 ఆంపియర్ల రేంజిలో సిరీస్‌లో పెట్టి, చక్రాలను క్షణంపాటు పట్టి ఆపి రీడింగ్ చూడండి. పట్టాల మీద 18 వోల్టులు వాడితే ఆ రీడింగ్‌కు ఒకటిన్నర రెట్లు కరెంటు మోయగల డీకోడర్ (ఇంజన్‌ను డిజిటల్‌గా నడిపే కొత్త బోర్డు) కొనాలి. హెచ్‌ఓ సైజు చిన్న ఇంజన్లది పెడితే కాలిపోతుంది.

డీకోడర్ ఎరుపు, నలుపు తీగలు పట్టాల వైపు; నారింజ, బూడిద రంగువి మోటారుకు. కలిపేముందు మోటారు టెర్మినళ్లకూ చక్రాలకూ మధ్య మీటరు పెట్టండి. బీప్ వస్తే రెండూ ఇంకా కలిసే ఉన్నట్టు, ఆగండి. అలాగే స్విచ్ వేస్తే డీకోడర్ పోతుంది.

ఇదంతా పట్టాల కరెంటుతో నడిపితే. ఆరుబయట కాబట్టి నా ఓటు బ్యాటరీ, రేడియో కంట్రోల్‌కే. పట్టాలు నల్లబడినా బండి ఆగదు. అన్నట్టు, పర్లాకిమిడి చిన్న రైలు గేజి 762 మిల్లీమీటర్లు ఉండేది. మీ 45 మిల్లీమీటర్ల గేజి పట్టాలకు పెట్టెలు సుమారు 1:17 కొలతలో కట్టుకోండి.

పాత బోర్డును, విప్పకముందు తీసిన తీగల ఫొటోతో సహా దాచి ఉంచండి.