వేలిముద్ర వాడిది, మాట మనది

అక్కలూ, చెల్లెళ్ళూ, ఇవాళ కాస్త తీరిగ్గా కూర్చోండి. బుద్ధిమాంద్యమో, ఆటిజమో, డౌన్ సిండ్రోమో ఉన్న బిడ్డ ఉన్న ఇంట్లో ఏ అమ్మని కదిపినా చివరికి బయటపడేది ఒకటే బెంగ: "నేను పోయాక వీడి గతేం కాను?" ఆ బెంగతోనే రూపాయి రూపాయి కూడబెడతాం. రెండో పిల్లాడి దగ్గర మాట తీసుకుంటాం. కాబోయే కోడలికి ముందే చెప్పాలా, తర్వాత చెప్పాలా అని నిద్ర మానుకుంటాం. ఇన్ని చేస్తాం గానీ వాణ్ణి కూర్చోబెట్టుకుని "నీకేం కావాలిరా?" అని మాత్రం అడగం.

కాదంటారా? ఆంధ్రాలో ఒకటో తారీఖున సచివాలయం వాళ్ళు పింఛను తెచ్చే వేళ చూడండి. వచ్చినాయన గుమ్మంలో నిలబడి "బాగుంటున్నాడా అమ్మా?" అని తల్లిని పలకరిస్తాడు. పలకరించాల్సినవాడు పక్కనే ఉంటాడు, మీసాలొచ్చిన మగాడు. వాడి వేలు పట్టుకుని మిషన్ మీద పెడతారు, పడకపోతే తుడిచి మళ్ళీ పెడతారు. 6,000 రూపాయలు లెక్కపెట్టి అమ్మ చేతికిస్తారు. "అమ్మా, నీలం చొక్కా" అంటాడు వాడు. "చూద్దాంలే నాన్నా" అంటుంది ఆవిడ. వేలిముద్ర వాడిది, మాట మనది. ప్రేమ తక్కువై కాదు లెండి, ఎక్కువయ్యే.

ఈ బాధ ఆడవాళ్ళకి తెలియనిదా? మహిళా రిజర్వేషన్ వచ్చిన కొత్తల్లో గెలిచింది ఆవిడ, కుర్చీలో కూర్చుంది ఆయన. "సర్పంచిగారి భర్త" అని విజిటింగ్ కార్డులు కూడా కొట్టించుకున్నారు! మనకెంత ఒళ్ళు మండేదో గుర్తుందా? డ్వాక్రా మీటింగులో లేచి పేరు చెప్పడానికి గొంతు వణికిన ఆవిడే ఇవాళ బ్యాంకు మేనేజరుతో వడ్డీ లెక్క తేలుస్తోంది. లేచి నిలబడే చోటు దొరికింది కాబట్టే మాటా వచ్చింది. మన పిల్లల దగ్గరికొచ్చేసరికి మాత్రం ఆ భర్తగారి పాత్ర మనమే కట్టేశాం.

ఇక్కడ మీకొకాయన సంగతి చెప్పాలి. పేరు రాబర్ట్ మార్టిన్, న్యూజిలాండ్ ఆయన. 1957లో పుట్టాడు. కాన్పులో పటకారు పెట్టి లాగితే మెదడు దెబ్బతింది. ఎక్కడికైనా పంపించేసి ఈ బిడ్డని మరిచిపొమ్మని డాక్టరు తల్లితో చెప్పాడట. ఏడాదిన్నర పసివాడప్పుడు కింబర్లీ అనే పెద్ద ఆశ్రమంలాంటి చోట చేర్చారు. బాల్యంలో చాలా భాగం అలాంటి చోట్లే గడిచింది. పెద్దయ్యాక తనలాంటివాళ్ళను కూడగట్టాడు, వాళ్ళ తరఫున ఊరూరా, దేశదేశాలా మాట్లాడాడు. వికలాంగుల హక్కుల మీద ఐక్యరాజ్యసమితి ఒడంబడిక రాస్తున్నప్పుడు వెళ్ళి, మమ్మల్ని గోడల వెనక దాచకండి అని వాళ్ళ ముఖమ్మీదే చెప్పాడు. 2016లో ఆ ఒడంబడిక అమలును చూసే 18 మంది కమిటీకి ఎన్నికయ్యాడు. మేధో వైకల్యం ఉన్న మనిషి అలాంటి ఐక్యరాజ్యసమితి కమిటీలో కూర్చోవడం అదే మొదలు. 2020లో సర్ బిరుదూ వచ్చింది. 2024లో పోయాడు. ఆయన్ని పెట్టిన ఆ కింబర్లీ 2006లోనే మూతపడింది.

మనకూ ఆయనకూ ఓ సంబంధం ఉందండోయ్. ఒడంబడిక మీద 2007లో మనదేశం ఆమోదముద్ర వేసింది. 2019లో మనవాళ్ళ నివేదికను జెనీవాలో పరిశీలించినప్పుడు ఆ కమిటీ సభ్యుల్లో ఆయనా ఒకరు. మరిచిపొమ్మని డాక్టరు తల్లికి చెప్పిన బిడ్డ, ఇంత పెద్ద దేశం లెక్క చూసే చోట కూర్చున్నాడు!

మరి అంతంత లావు కాగితాలు ఆయనెలా చదివాడంటారా? పక్కన సాయానికి మనిషి ఉండేవారు, విషయాన్ని సులువు మాటల్లోకి మార్చి ఇచ్చేవారు. దీన్ని ఈజీ రీడ్ అంటారు: పెద్ద అక్షరాలు, వాక్యానికి ఒకటే సంగతి, పక్కన బొమ్మ. ఇలాంటివాళ్ళు నడుపుకునే సంఘాల్లో ఇంకో మంచి పద్ధతి ఉంది. మీటింగులో ఒక్కొక్కరి ముందూ మూడు రంగుల అట్టముక్కలుంటాయి. ఎర్రది ఎత్తితే ఆగమని, పసుపుది ఎత్తితే అర్థం కాలేదు, నెమ్మదిగా చెప్పమని, పచ్చది ఎత్తితే కానివ్వమని. మన అపార్ట్‌మెంట్ అసోసియేషన్ మీటింగులకీ ఆ ఎర్ర ముక్క ఇప్పిస్తే ఎంత బాగుండును!

అమెరికాలో ఒరెగాన్‌లో 1974లోనే మేధో వైకల్యం ఉన్నవాళ్ళు తమంతట తామే 'పీపుల్ ఫస్ట్' అని సంఘం పెట్టుకున్నారు. మన దగ్గర తల్లిదండ్రుల సంఘాల సమాఖ్య 'పరివార్' పిల్లల కోసమే ఓ వేదిక నడుపుతోంది. స్పెషల్ ఒలింపిక్స్‌లో ఆటగాళ్ళకి మైకు పట్టుకుని మాట్లాడటం, బోర్డుల్లో కూర్చోవడం నేర్పే శిక్షణ ఉంది. ఆటలంటే గుర్తొచ్చింది, వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి దీప్తి జీవాంజి. ఆమెదీ మేధో వైకల్యమే. ఊళ్ళో ఎగతాళి చేశారని ఆ తల్లిదండ్రులే పత్రికలకు చెప్పుకున్నారు. ఆ పిల్లే 2024లో జపాన్‌లోని కోబెలో 400 మీటర్లు 55.07 సెకన్లలో పరిగెత్తి తన విభాగంలో ప్రపంచ రికార్డు పెట్టింది, పారిస్ పారాలింపిక్స్‌లో కంచు తెచ్చింది. ఇవాళ ఆమెతో ఫొటోకి క్యూ కడుతున్నాం. ఊరి బడిలో మేధో వైకల్యం ఉన్న పిల్లల గురించి ఏం చేద్దామని ఆమెను కూర్చోబెట్టి అడిగినవాళ్ళు ఎందరున్నారు?

డిసెంబరు 3న జరిగే వికలాంగుల దినోత్సవ సభలంటే నాకు మహా చిరాకు. పిల్లాడి చేత పాట పాడిస్తాం, మంత్రిగారికి శాలువా కప్పుతాం, చప్పట్లు. తర్వాత నిర్ణయాలన్నీ వేరే గదిలో, వాడు లేకుండా.

ఆ గదిలోకి తలుపు చట్టంలోనే ఉంది. పిల్లలకి 18 నిండాక మనం వాళ్ళ గార్డియన్లం కాము, తెలుసు కదా? 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద ఆ గార్డియన్ కాగితం ఇచ్చేది జిల్లా స్థాయి కమిటీ. అందులో కలెక్టరు స్థాయి అధికారి ఒకరు, నమోదైన సంస్థ ప్రతినిధి ఒకరు, మూడో కుర్చీ వైకల్యం ఉన్న మనిషిది. ఇక 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టమైతే పరిమిత గార్డియన్ అంటుంది. అంటే నిర్ణయం ఇద్దరూ కలిసి తీసుకోవాలి, అదీ వాళ్ళ ఇష్టం ప్రకారం.

"మా వాడికి మాటలే రావు కదక్కా" అని కొందరంటారు. బొమ్మల కార్డు చూపించండి, రెండు చొక్కాలు మంచం మీద పరిచి వేలు పెట్టనివ్వండి, తల ఊపడాన్ని లెక్కలోకి తీసుకోండి. మాటలు రాని వాళ్ళకి ఇష్టాలు లేవని ఎవరన్నారు? "తప్పుగా ఎంచుకుంటేనో?" అంటారు ఇంకొందరు. బీరువాలో మడత విప్పని చీరలు ఎన్నున్నాయో చూసుకొచ్చి అప్పుడు అడగండి నన్ను.

ఈ వారం మీ జిల్లా కలెక్టరేట్‌లో వికలాంగుల సంక్షేమ శాఖ గది ఎక్కడుందో కనుక్కోండి. ఆ కమిటీలో మూడో కుర్చీలో ఎవరున్నారు, ఎప్పటివరకు ఉంటారు అని అడగండి. గడువు మూడేళ్ళే. ఖాళీ అయ్యే వేళకి మన పిల్లల్లో ఒకరి పేరు వినబడాలి. వెళ్ళేటప్పుడు వాణ్ణీ వెంట తీసుకెళ్ళండి, అక్కడివాళ్ళు మీతో మాట్లాడబోతే వాడి వైపు చూపించండి. ఏమన్నారో నాకు ఉత్తరం రాయండి.