అమ్మ జుట్టు మళ్ళీ నల్లబడింది

రా చెల్లాయ్, ఇలా కూర్చో. టీ చల్లారేలోపు ఒక మాట అడుగుతాను, నిజం చెప్పాలి. మీ ఇంట్లో బీరువా పై అరలోనో, అటక మీదో ఒక పాత బిస్కట్ల డబ్బా ఉందా, లేదా? మూత తీస్తే స్టూడియో కవర్లు, వాటిలోంచి జారిపడే నెగెటివ్ ముక్కలు, అమెరికా మావయ్య ఎప్పుడో ఇచ్చి వెళ్ళిన అట్టచట్రాల స్లైడ్లు. సంక్రాంతికి ఇల్లు దులిపినప్పుడల్లా తీసి చూస్తాం. "వీటిని కంప్యూటర్లోకి ఎక్కించాలి" అనుకుంటాం. మళ్ళీ మూత పెట్టేస్తాం. పారేయడానికి చేతులు రావు, మొదలుపెట్టడానికి ధైర్యం చాలదు. మనందరిదీ అదే కథ.

ముందు అసలు భయం సంగతి చూద్దాం. ఈపాటికి పాడైపోయి ఉంటాయేమో అని కదూ? డబ్బా మూత తియ్యగానే వాసన చూడు. వెనిగర్‌లా పుల్లటి ఘాటు ముక్కుకు తగిలిందంటే ఫిల్ము ఆధారమే కుళ్ళడం మొదలైందన్నమాట. అది పక్కవాటికీ అంటుకునే రకం. వాటిని వేరే కవర్లో పెట్టి, స్కానింగు వాటితోనే మొదలుపెట్టు. సాలెగూడు దారాల్లా బూజు కనిపించిందా? తడిగుడ్డ మాత్రం పెట్టకు తల్లీ! బూజు తిన్న చోట ఫిల్ము పూత నీళ్ళకు కరిగిపోతుంది, తుడిస్తే బొమ్మే ఊడొస్తుంది. ఒకదానికొకటి అతుక్కుపోయినవాటిని గోటితో లాగకు, తెలిసినవాళ్ళకు చూపించు. ఈ మూడూ లేవా? అయితే హాయిగా ఇంకో గుక్క తాగు.

ఇక రెండో దిగులు: "నా దగ్గరున్నది పాత స్కానరక్కా, కొత్తది కొనాలేమో." కొనక్కర్లేదు. మూత ఎత్తి లోపలివైపు చూడు. అక్కడ కూడా ఒక లైటు ఉంటే ఆ స్కానరు నెగెటివ్‌లు కూడా స్కాన్ చేస్తుంది. కాగితాలకు లైటు కిందనుంచి పడితే చాలు, ఫిల్ముకు వెనకనుంచి రావాలి. అందుకే ఆఫీసు జిరాక్సు మిషను మీద నెగెటివ్ పెడితే నల్లటి పట్టీ తప్ప ఏమీ రాదు. కొన్నిటిలో ఆ లైటు సన్నగా, 35 ఎం.ఎం. పట్టీకి సరిపడానే ఉంటుంది. తాతగారి ఆగ్ఫా క్లిక్ త్రీ కెమెరాలో రీలుకు 12 చొప్పున తీసిన చదరపు నెగెటివ్‌లు అందులో పట్టవు. వాటికి కెమెరా దారి ఉంది, చెప్తాను.

నా స్కానరు సంగతి విను. ఏళ్ళ తరబడి మంచం కింద పడుంది. ఆన్ చేస్తే గరగరమని ఒకటే మోత. చచ్చిపోయిందనుకుని పాతసామాన్లవాడికి వెయ్యబోయాను. అడుగున చూస్తే చిన్న మీట! ప్రయాణంలో లోపలి భాగం కదలకుండా వేసే తాళమట. ఇల్లు మారినప్పుడు నేనే వేసి మర్చిపోయాను. కరెంటు తీసి, మీట జరిపి, మళ్ళీ పెడితే బుద్ధిగా నడిచింది. కాబట్టి నువ్వూ ముందు ఆ తాళం చూడు. పాత స్కానర్ల ట్యూబులైటు వేడెక్కడానికి టైము తీసుకుంటుంది, పది నిమిషాలు ఊరికే వదిలెయ్యి. కొత్త కంప్యూటరు దాన్ని గుర్తుపట్టకపోతే మూలనున్న పాత లాప్‌టాప్ తియ్యి. అదీ లేకపోతే వ్యూస్కాన్ అనే సాఫ్ట్‌వేరు చాలా పాత స్కానర్లను నడిపిస్తుంది. డబ్బు కట్టేముందు ఊరికే నడిపి చూడొచ్చు కూడా.

ఎంత డీపీఐ పెట్టాలని కంగారు పడకు. పెట్టె మీద 9600 అని అచ్చువేసినా ఇలాంటి స్కానరు నిజంగా పట్టే వివరం అందులో చాలా తక్కువ. 2400 పెట్టు. అంతకే ఒక్కో ఫొటోకి 77 లక్షల పిక్సెళ్ళు వస్తాయి, గోడకు తగిలించుకునే ఫొటోకైనా చాలు. దుమ్ము మచ్చలు తీసే డిజిటల్ ఐస్ అనే సదుపాయం ఉంటే రంగుల నెగెటివ్‌లకు వాడు. బ్లాక్ అండ్ వైట్‌కు మాత్రం ఆపెయ్యి. అందులోని వెండిని కూడా అది దుమ్మనే అనుకుని బొమ్మను చెడగొడుతుంది. చట్రం మీద కొడాక్రోమ్ అని ఉన్న స్లైడ్లతోనూ దానికి సరిగా పడదు. 2009లో తయారీ ఆపేసిన ఆ ఫిల్ము చీకట్లో దాచుకుంటే రంగు నిలుపుకోవడంలో మొండిఘటం. మావయ్య స్లైడ్లలో మంచు ఇంకా తెల్లగానే ఉంటే ఆశ్చర్యపోకు.

స్కానరే లేదా? ఇంట్లో పాత డిజిటల్ కెమెరా ఉంటే అదే మేలు, పని కూడా తొందరగా అవుతుంది. దగ్గరివి తీసే మాక్రో లెన్సు ఉంటే బంగారం. టాబ్లెట్ తెరను తెల్లగా, నిండు వెలుతురుతో పెట్టు. నెగెటివ్‌ను నేరుగా తెర మీద పెడితే తెర చుక్కలన్నీ ఫొటోలో పడతాయి. నాలుగైదు సెంటీమీటర్ల ఎత్తులో ఉంచు. కెమెరాను స్టాండుకు బిగించి, గది చీకటి చేసి, టైమరు పెట్టి నొక్కు. వంకర రాకుండా ఒక చిట్కా: నెగెటివ్ పెట్టే చోట చిన్న అద్దం పెట్టి కెమెరాలోంచి చూడు. లెన్సు ప్రతిబింబం సరిగ్గా మధ్యలో కనిపిస్తే తిన్నగా ఉన్నట్టే.

చేతుల దగ్గర మాత్రం కాస్త గట్టిగా చెప్తాను, కోపం తెచ్చుకోకు. నూనె చేతులతో ముట్టుకోవద్దు, అంచులే పట్టుకోవాలి. పైట చెంగుతో తుడవద్దు. నోటితో ఊదొద్దు. నేను ఊదాను, మా తమ్ముడి అక్షరాభ్యాసం ఫొటో మీద తుంపర పడి మచ్చ అలాగే ఉండిపోయింది. మెడికల్ షాపులో దొరికే రబ్బరు బల్బు లాంటిది కొనుక్కో, దాంతో గాలి కొట్టు. బొమ్మ తిరగబడిందేమోనని అనుమానమొస్తే అమ్మ పైట చూడు. కుడి భుజం మీద ఉందంటే నెగెటివ్ బోర్లా పెట్టావన్నమాటే!

రంగుల గొడవ కూడా ఉంది. రంగుల నెగెటివ్ మొత్తం ఇటుకరంగులో ఉంటుంది కదా, అది పాడైనట్టు కాదు, దాని తీరే అంత. స్కానర్లో 'కలర్ నెగెటివ్' అని ఎంచుకుంటే అదే సర్దేస్తుంది. కెమెరాతో తీస్తే పక్కనున్న ఖాళీ ఫిల్ము అంచు కూడా ఫొటోలో పడేలా చూడు. వైట్ బ్యాలెన్సు ఆ అంచు మీద పెట్టి, తర్వాత ఇన్వర్ట్ నొక్కు. మొదటిసారి నేను ఆ మీట నొక్కింది అమ్మ నా పక్కన కూర్చున్నప్పుడే. నెగెటివ్‌లో అమ్మ జుట్టు తెల్లగా, పళ్ళు నల్లగా ఉన్నాయి. పక్కనున్న అమ్మ జుట్టూ తెల్లగానే ఉంది. నొక్కగానే తెరమీద అమ్మ జుట్టు నల్లబడింది, ఒత్తుగా, పూలచెండుతో సహా. అమ్మ ఏమీ అనలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది, అంతే.

"ఇన్ని వందలు ఎప్పటికయ్యేనక్కా?" అంటావా? నిజమే, 36 ఫొటోల రీలుకు ఒక్కోటి మూడు నిమిషాలనుకున్నా దాదాపు రెండు గంటలు. అందుకే అన్నీ చెయ్యకు. ముందు మనుషులున్నవి, అందులోనూ ఇప్పుడు లేని మనుషులున్నవి చెయ్యి. గుళ్ళ గోపురాలు, జూలో ఏనుగులు ఆగుతాయి. ఆదివారానికి ఒక్క రీలు. ఒక పట్టీ పెట్టి పప్పు కుక్కరు ఎక్కించు, మూడు విజిళ్ళకు మూడో నాలుగో ఫొటోలు సిద్ధం. మన నాన్నలు ఎంత పొదుపరులో గుర్తుందిగా? 36 రీలులో 37వది కూడా లాగేవాళ్ళు. చివర సగం కోసుకుపోయిన ఆ ఫ్రేమును మాత్రం వదిలెయ్యకు, దాన్ని స్టూడియోవాళ్ళు ప్రింటు వేసి ఇచ్చి ఉండరు. మా ఇంట్లో నాన్న నవ్వుతున్న ఫొటో ఒక్కటే ఉంది, అది అలాంటి 37వదే.

అయిపోయాక నెగెటివ్‌లు పారేస్తే ఊరుకోను. రబ్బరుబ్యాండు విప్పేసి, ఒక్కో పట్టీని ఆమ్లం లేని (యాసిడ్-ఫ్రీ) మెత్తటి కాగితంలో మడిచి, సిలికా జెల్ పొట్లంతో సహా చల్లటి అరలో పెట్టు. అటక మీద వద్దు, వేసవి వేడికి మాడిపోతాయి. స్కాన్ చేసిన ఫైళ్ళ కాపీలు కంప్యూటర్లో ఒకటి, హార్డ్‌డిస్కులో ఒకటి, ఇంకోటి తమ్ముడి ఇంట్లో ఉంచు. వాట్సాప్‌లో పంపితే డాక్యుమెంటుగా పంపు, ఫొటోగా పంపితే కుంచించుకుపోతుంది.

ఫైలుకు పేరు పెట్టేటప్పుడు ముందు ఏడాది వెయ్యి, తర్వాత ఊరు, తర్వాత పేర్లు. ఏడాది తెలియకపోతే గోడ మీది క్యాలెండరు పెద్దది చేసి చూడు. పేర్లు తెలియకపోతే అమ్మను అడుగు, కానీ ప్రశ్నల చిట్టా పట్టుకుని అడగకు. ఫొటో చూపించి ఊరుకో, ఫోన్లో రికార్డింగు ఆన్ చేసుకో. ఆ రోజు మా అమ్మ కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని చాలాసేపు చూసి ఏమందో తెలుసా? "ఆ పట్టుచీర నాది కాదే. మీ పెద్దత్తది, అడిగి కట్టుకున్నాను. తిరిగిచ్చేదాకా పసుపు మరక పడుతుందేమోనని ఒకటే భయం." నలభై ఏళ్ళుగా మేమందరం అది అమ్మ పెళ్ళిచీరే అనుకుంటున్నాం. ఫైలు పేరు మార్చాను: 'అమ్మ, పెద్దత్త చీరలో.'

టీ చల్లారిపోయింది చూడు. ఇంకో కప్పు పెడతాను, ఈలోపు నువ్వెళ్ళి ఆ డబ్బా దించుకురా.